రాచప్పగారు కాశీలో వదిలిన కూర

ఉదయం ఆరింటికి హైదరాబాద్ గౌలిగూడలో జహీరాబాద్ బస్సెక్కాను. పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిది, మాఘమాసపు చలి, నా కిటికీకి అద్దం లేదు. అరవై ఏళ్ల కిందట రాచప్పగారు కాశీ వెళ్లొచ్చి రాసిన యాత్రా పుస్తకం మీద నా పరిశోధన. దొరికిన రెండు ప్రతుల్లోనూ ఆఖరి పేజీలు చెదలు తినేశాయి. కాశీ చేరాక ఏమైందో తెలీకుండా ఏం రాయను, నా తలకాయ! మూడో ప్రతి జహీరాబాద్‌లో ఆయన మనవడింట్లో ఉందట.

"ఒక్క పుస్తకం జూడనీకి గింత దూరమా సారూ? పట్నంల పుస్తకాలు ఒడిసినయా?" అని పక్క సీటు కోహీర్ రైతు జాలిపడి జామకాయ ఇచ్చాడు.

తొమ్మిదిన్నరకు దిగాను. మనవడు బస్వరాజు అల్లం వ్యాపారి. పుస్తకం దేవుడి గూట్లో ఎర్రగుడ్డలో, పసుపు కుంకుమలతో ఉంది.

"చదవలేదా?"

"మా నాయినా, నేనూ ఉర్దూల చదువుకున్నం సార్. తెలుగు మాట్లాడొస్తది, చదువరాదు. దండం పెట్టుకుంటం."

స్నానం చెయ్యందే ముట్టనివ్వరట. బావి దగ్గర చన్నీళ్లు పోసుకుని, పళ్లు టకటకలాడిస్తూ కూర్చున్నాను. బస్వరాజు తల్లి నీలమ్మగారు, అంటే రాచప్పగారి కోడలు, ఎదురుగా చతికిలబడింది.

"మా మామ కాశీల వంకాయ ఇడిసిపెట్టిండు. ఇంట్లకే రావొద్దని మా అత్త పట్టు. నాకేమో వంకాయంటే పానం. లగ్గమై యాభై ఏండ్లాయె, ముట్టలే. ఎందుకు ఇడిసిండో జర చదివి చెప్పు బిడ్డా."

ఆఖరి పేజీ చూసి పుస్తకం మూయబోయాను.

"ఆగినవేంది? చదువు!"

చదివాను. "గంగలో మునిగి కాకరకాయ విడిచితిని. అది నాకెన్నడూ గిట్టదు. ఇంట్లో మాత్రము వంకాయ అని చెప్పెదను. మా ఇంటిది వండిన వంకాయ గొడ్లు కూడా ముట్టవు. మా ఇంట తెలుగు చదువు ఎవరికీ రాదు గనుక నిర్భయముగా వ్రాయుచున్నాను."

బస్వరాజు తల గోక్కున్నాడు. నీలమ్మగారి కళ్లలో నీళ్లు.

"నీ నోట్ల మన్నువొయ్య మామా! నాకు చెప్తే నేను వండకపోదునా!" అంది. వెంటనే కొడుకు మీద పడింది. "నిలబడ్డవేంది? అంగడికి పో, వంకాయలు తే!"

"అమ్మా, మరి దేవుడు..."

"దేవుని సంగతి నేను జూస్కుంట. పో!"

ఒంటిగంటకు భోజనం. వంకాయ వండడం మరిచిపోయింది పాపం, కూర ఉప్పు కషాయం. నేను చెంబెడు నీళ్లు తాగాను. ఆవిడ మారు వడ్డించుకుని తింది.

నాలుగున్నర బస్సుకు బయల్దేరుతూ అడిగాను. "ఈ సంగతి అచ్చు వెయ్యనా అమ్మా? మీరొద్దంటే మానేస్తా."

"ఎయ్యి బిడ్డా. పెద్దక్షరాలల్ల ఎయ్యి. కోడండ్లు చదవాలె."

సదాశివపేట దాకా తలుచుకుని తలుచుకుని నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు. యాభై ఏళ్లంటే యాభై ఏళ్లే కదా.