తప్పేం లేదన్న మాట

నిడమనూరు దగ్గరి తండాలో పుట్టిన నీరజ మానసిక శాస్త్రం చదివి, మిర్యాలగూడలో కౌన్సెలింగ్ గది తెరిచింది. కుమిలిపోతూ వచ్చినవాళ్లు తేలికపడి వెళ్తుంటే ఆమెకు కడుపు నిండినట్టుండేది.

త్రిపురారం నుంచి వచ్చే టీచరు వసంత మాత్రం ఎన్ని వారాలైనా తేలికపడలేదు. మంచాన పడ్డ అత్తకు ఏళ్ల తరబడి సేవ చేసిన మనిషి. అత్త పోయినప్పటి నుంచి కంటిమీద కునుకు లేదు. ఆమె ఏదో చెప్పబోయినప్పుడల్లా నీరజ చెయ్యి పట్టుకుని, "అక్కా, నీ తప్పేం లేదు. కన్నబిడ్డ గూడ గంత చెయ్యదు" అనేది. వసంత తలూపి వెళ్లిపోయేది.

ఒకరోజు వసంత కూర్చోలేదు. "ఇగ రాను మేడం. మీరు మంచోళ్లు. మీ ముందట నేను గూడ మంచిదాన్నే కావాల్సి వస్తున్నది."

నీరజ ముఖం వాడిపోయింది. కుర్చీ ముందుకు జరిపి, "కూసో అక్కా. ఈసారి నేను అడ్డం రాను" అంది.

"ఆ మధ్యాన్నం మా అత్త నీళ్లకు పిలిచింది. నాకు ఇనపడ్డది. ఎన్నిసార్లు పిలుస్తదని యాష్టకొచ్చి టీవీ సౌండ్ పెంచిన. పోయి సూసేసరికి పానం లేదు."

తప్పేం లేదన్న మాట నీరజ నాలుక చివరిదాకా వచ్చింది. అనేస్తే కుదుటపడేది తన మనసేనని ఆమెకు అప్పుడు తెలిసింది. ఆ మాట మింగేసి, "అత్త నిన్ను ఏమని పిలిచేది?" అని అడిగింది.

"బిడ్డా అని."

వసంత మొదటిసారి వెక్కి వెక్కి ఏడ్చింది. నీరజ ఓదార్చలేదు. పక్కనే కూర్చుంది. ఆ సాయంత్రం ఇద్దరూ బరువుగానే బస్టాండు దాకా నడిచారు.