ఛూ లిన్ సీసాలోంచి ఒక పట్టు

గ్వాంగ్‌షూ చక్రవర్తి చైనాను ఏలుతున్న తొమ్మిదో ఏట, మూడో నెలలో, ఒకానొక ఉదయాన, కచేరీ గుమాస్తా ఫాన్ వారు శవపరీక్షకుడు ఛూ లిన్ సీసాలోంచి ఒక పట్టు నశ్యం స్వీకరించారు. ఆస్థాన చరిత్రకారులు ఈ ఘట్టాన్ని ఎక్కడా నమోదు చేయలేదు. వాళ్లకేం తెలుసు?

ఆ ఊళ్లో ఇద్దరు మగవాళ్లు ఎదురుపడితే ముందు సీసాలు చేతులు మారాలి. క్షేమసమాచారాలు ఆ తరవాతే. ఛూ లిన్ సీసా తీసిపారేసేదేమీ కాదు: పాలమీగడ లాంటి పింగాణీ, దానిమీద నీలిరంగు మిడత, మూతకు అతికించిన బుల్లి ఎముక చెంచా. ఇరవై రెండేళ్లుగా దాన్ని రెండు చేతులా చాస్తూనే ఉన్నాడు. శవాలు ముట్టే చేతులవి. కచేరీ ఊడ్చేవాడు సైతం "ఇప్పుడే పీల్చానన్నా" అని తప్పుకునేవాడు.

ఆ ఉదయం బట్టల వర్తకుడు యాన్ ఇంటి పెరట్లో, తడిక మీద, ఆ ఇంటి కోడలు. పందొమ్మిదేళ్లు. ఉరి పోసుకుందని అత్తవారి మాట. విచారణకు వచ్చిన న్యాయాధికారి దొరవారు వాసన పడక పల్లకీ దిగలేదు. గుర్తులు పైకి తేలేలా ఛూ లిన్ సారా మడ్డితో ఆమె మెడ కడిగాడు. ఉరి పోసుకుంటే తాడు గుర్తు చెవుల వెనక పైకి పోయి ఆగిపోతుంది. ఈ గుర్తు మెడంతా చుట్టి వచ్చింది, ఎవరో తాడు బిగించినట్టు. చూసింది చూసినట్టు అతను గొంతెత్తి చెప్పాలి, గుమాస్తా రాయాలి, అదీ చట్టం.

ఛూ లిన్ నోరు తెరవబోతుండగా ఫాన్ పక్కకు చేరాడు.

"ఏమయ్యా ఛూ, ఒక్కడివే పీలుస్తావా? మాకు పెట్టవా?"

"తమరా? చేతులైనా కడుక్కోలేదు బాబూ!"

"కడుక్కోమని నేనన్నానా? యాన్ వారు మర్యాదస్తులు. ఉరి అను, చాలు. రేపట్నుంచి కచేరీలో అందరి ముందూ నీ సీసా నాకు, నా సీసా నీకు."

ఫాన్ సీసాను రెండు చేతులా అందుకున్నాడు. మిడతను మెచ్చుకున్నాడు. ఎడమ ముక్కు, తరవాత కుడి ముక్కు. గోడ మీంచి చూస్తున్న జనం ఊపిరి బిగబట్టారు. ఫాన్ తుమ్మాడు.

ఛూ లిన్ గొంతెత్తాడు. "గుర్తు చెవుల వెనక ఆగింది! ఉరి!"

"అబద్ధం! చుట్టూ ఉందిగా పెద్దయ్యా! ఒక్కసారి తిప్పి చూడు, నీ కాళ్లు మొక్కుతా!" అంటూ చనిపోయిన పిల్ల అన్న మోకాళ్ల మీద పడ్డాడు. బంట్రోతులు అతన్ని వీధిలోకి ఈడ్చేశారు. ఛూ లిన్ తిప్పి చూడలేదు. గుర్తు ఎక్కడిదాకా ఉందో అతనికి తెలుసు.

వేలిముద్ర వేయడానికి కాగితం మీదికి వంగాడు. 'ఉరి' అన్నచోట సిరా ఎప్పుడో ఆరిపోయింది. ఫాన్ ఆ మాటను పొద్దున్నే, కచేరీ నుంచి బయల్దేరకముందే రాసి తెచ్చుకున్నాడు.