దగ్గరికొస్తున్న వైఫై గీతలు

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. మాది కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో ఇల్లు కట్టుకున్న కుటుంబం. బంద్ అన్న మాట వినపడితే చాలు, నాన్న గేటుకు తాళం వేసేవాడు. నాకు ఒళ్లు మండేది. ఇన్నేళ్లుగా ఉంటున్నాం, మనల్ని ఎవరేమంటారని ఆయనతో దెబ్బలాడేదాన్ని.

అంత వాగే నాకే ఒక సాయంత్రం గుండె జారిపోయింది. లాప్‌టాప్‌లో వైఫై పేర్ల వరసలో కొత్తగా ‘జై తెలంగాణ’ అని కనిపించింది. పక్కన సిగ్నల్ ఒకే గీత. చూస్తుండగానే రెండయింది, మూడయింది, నాలుగూ నిండాయి. ఆ పేరు పెట్టుకున్నవాళ్లెవరో మా గేటు దాకా వచ్చేశారనుకున్నాను. కిటికీలోంచి తొంగి చూస్తే వీధిలో నరమానవుడు లేడు. కాసేపటికి గీతలు తగ్గాయి, మళ్లీ పెరిగాయి. మన ఇంటికి గుర్తు పెట్టుకుంటున్నారని నాన్నతో నేనే అన్నాను.

మర్నాడూ అదే తంతు. ఇక నాన్న ఆగలేదు. ఇల్లు బేరం పెట్టమని తెలిసినాయనకు ఫోన్ చేశాడు. ముందు మమ్మల్ని విజయవాడ పంపించేస్తానన్నాడు. అమ్మ ఏడుస్తూనే వంటసామాన్లు మూటలు కట్టింది.

మేడ మీద గదిలో నల్గొండ నుంచి వచ్చిన అబ్బాయి కిరాయికి ఉండేవాడు. చిన్న ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ఉద్యోగం. నీళ్ల మోటారు వేయమని చెప్పడానికి దిగి వచ్చి, హాల్లో మూటలు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఏమైందని అడిగితే నేను విసురుగా లాప్‌టాప్ అతని వైపు తిప్పాను.

అతను ఆ పేరు చదివాడు. “నేను పైకి పోత, నువ్వు గా గీతలే చూడు అక్కా” అని మెట్లెక్కాడు. నాలుగు గీతలు ఒకటయ్యాయి. మళ్లీ నిండాయి. 

అరచేతిలో పట్టే ఎలక్ట్రానిక్ బోర్డు ఒకటి పట్టుకుని దిగాడు. అది తన వైఫైని తనే పంపిస్తుందట. ఫుల్ పవర్‌తో పంపితే బ్యాటరీ ఊరికే అయిపోతోందని, ఎంత తక్కువలో సరిపోతుందో చూడటానికి కంపెనీ నుంచి ఇంటికి తెచ్చి దాని పవర్ పెంచుతూ తగ్గిస్తూ ఉన్నాడట. ఆ పేరు సరదాకి పెట్టుకున్నాడట.

నాన్న కుర్చీలో కూలబడ్డాడు. నాకు మాత్రం పిచ్చి నవ్వొచ్చింది.

అతను నవ్వలేదు. మూటల వంకే చూస్తూ అమ్మనడిగాడు. “నాలుగేండ్ల సంది మీ చేతి కూర తింటున్న ఆంటీ. గింత భయమైతుంటే, పైన నేనున్న అని ఒక్కసారన్న యాదికి రాలేదా?”

అమ్మ వంగి ఒక మూట ముడి విప్పసాగింది. అతను మాకు గుర్తు రాకేం, ఆ రెండు రోజులూ గుర్తున్నాడు. అతని చెవిన పడకూడదనే, మా ఇంట్లో మేము గుసగుసగా మాట్లాడుకున్నాం.