సగం ట్యాంకుకు సాక్ష్యం

నేను చదివింది ఎనిమిదో తరగతి దాకా. రెజిమెంటల్ బజార్‌లో కార్లకు డెంటింగ్, పెయింటింగ్ చేస్తాను. ఆదివారం వస్తే ప్లాస్టిక్ ముక్కలు అతికించి యుద్ధపు బండ్ల బొమ్మలు చేస్తాను. వారమంతా పెద్ద బండ్లకు సొట్టలు తీసి, ఆదివారం చిన్న బండ్లకు సొట్టలు పెట్టే మనిషిని ఏమంటారో మా ఆవిడకు తెలుసు. అది అచ్చులో బాగుండదు.

నాకు పిచ్చి పట్టించింది జర్మన్‌ల హాఫ్‌ట్రాక్. రెండో ప్రపంచ యుద్ధం నాటిది. ముందు లారీలా రెండు చక్రాలు, వెనక ట్యాంకులా గొలుసు పట్టాలు. లారీ చేద్దామని మొదలుపెట్టి మధ్యలో మనసు మార్చుకున్నట్టుంటుంది. సగంలో ఆగినవాళ్లం కాబట్టి మా ఇద్దరికీ బాగా కుదిరింది.

అల్వాల్‌లో మాలాంటి వాళ్ల బృందం ఒకటుంది. ఏడాదికోసారి ఫంక్షన్ హాల్లో బల్లలు వేసి మా బొమ్మలు ప్రదర్శనకు పెడతాం. ఏది బల్ల ఎక్కాలో తేల్చేది ఒక పెద్దాయన. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు, సైన్యంలో బండ్ల వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన నిబంధన ఒక్కటే. బొమ్మ పక్కన పుస్తకం ఉండాలి, పుస్తకంలో లేని మేకు బొమ్మ మీద ఉండకూడదు. పోయినేడాది ఫోన్‌లో ఫొటోలు చూసి చేసిన హాఫ్‌ట్రాక్ తీసుకెళితే, ఆ ఫోన్‌ను రెండు వేళ్లతో పక్కకు నెట్టాడు.

"ఫోన్లో ఎవడైనా ఏదైనా పెడతాడయ్యా. అచ్చులో చూపించు."

నా హాఫ్‌ట్రాక్ ఆ రోజంతా చెప్పుల స్టాండు పక్కన కుర్చీలో కూర్చుంది. వచ్చినవాళ్లు దాని మీదకి హెల్మెట్లు ఆనించి వెళ్లారు. ఈసారి అది బల్ల ఎక్కాల్సిందే అనుకున్నాను.

పుస్తకం కోసం బేగంపేటలో ఏసీ ఉన్న షాపుకు వెళ్లాను. అక్కడి అమ్మాయి కంప్యూటర్‌లో చాలాసేపు వెతికి ట్రాక్టర్ల రిపేరు పుస్తకం తెచ్చింది. జర్మనీది కావాలంటే టూరిస్టు గైడు ఇచ్చింది. అందులో కోటలున్నాయి, పట్టాలు లేవు. లైబ్రరీలో యుద్ధాల బీరువా తెరిపిస్తే అది కురుక్షేత్రంలో మొదలై పానిపట్టులో ఆగిపోయింది. రెండు చోట్లా చక్రాలున్నాయి గానీ నాకు పనికొచ్చేవి కావు. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే నెల తరవాత పిల్లలు రంగులేసుకునే ట్యాంకుల పుస్తకం వచ్చింది. వచ్చింది కదా అని రంగులేశాను.

చివరికి అసలుది మా వీధి చివరే, పాత పేపర్లు కొనే దుకాణంలో దొరికింది. ఊగకుండా ఉండటానికి తరాజు కింద పెట్టారు. లాగితే తరాజు ఒరిగింది, దుకాణదారు లేచాడు. నాకు చిన్నప్పటి దోస్తు కాబట్టి తిట్టలేదు, అంతకన్నా ఎక్కువే అన్నాడు.

"అది జర్మన్‌ల ఉన్నది ర బయ్. నీకు తెలుగు చదవాల్నంటేనే తక్లీఫ్ గద?"

"బొమ్మలు ఏ భాషల చూసినా గంతే."

పుస్తకం ముందు భాగమంతా యుద్ధకాలపు నలుపు తెలుపు ఫొటోలు. ఒక్కదాంట్లోనూ బండి పూర్తిగా కనపడదు. సగం బురద, సగం సిపాయిలు. చివరి పేజీలు మాత్రం రంగుల్లో ఉన్నాయి. హాఫ్‌ట్రాక్ ఒక్కటే, అన్ని వైపుల నుంచీ, ప్రతి బోల్టూ కనిపించేలా. కింది భాగం కూడా చూపించారు. అన్ని టన్నుల బండిని బోర్లా తిప్పి ఫొటో తీశారంటే ఆ క్రమశిక్షణకు మనసులోనే దండం పెట్టాను. ఆ పేజీలు చూసి బోల్టుకు బోల్టు కొత్తగా ఇంకో హాఫ్‌ట్రాక్ చేశాను. ఫొటోలో బానెట్ మీద ఎడమవైపు ఒక మచ్చ, అందులో నీటి అలల్లాంటి సన్నటి గీతలు ఉన్నాయి. తూటా దిగకుండా ఏదో ప్రత్యేకమైన రేకు అయ్యుంటుందనుకున్నాను. ఆ గీతలను భూతద్దం కింద సూదితో గీయడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. బతుకంతా మచ్చలు పోగొట్టిన చేతులు, మొరాయించాయి.

ప్రదర్శన రేపనగా పెద్దాయన ఫోన్ చేశాడు. పుస్తకం జర్మన్‌లో ఉందని చెబితే, నేను చూసి చేసిన పేజీలో ఏం రాసి ఉందో తెలుగులో రాయించి తెమ్మన్నాడు. మా పై వాటాలో ఒక నర్సమ్మ ఉంటుంది. జర్మనీ ఆసుపత్రిలో ఉద్యోగం కోసం ఆ భాష నేర్చుకుంటోంది. పిలిస్తే సంతోషంగా దిగొచ్చింది. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివింది. నా బొమ్మను చూసింది, మళ్లీ పేజీని చూసింది, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

"అన్నా, నువ్వు పరేషాన్ గావద్దు."

"చెప్పు చెల్లె."

"గిది అసలు బండి కాదు. బుక్కు రాసినాయన ఇంట్ల చేసుకున్న బొమ్మనట. ఎట్ల చేయాల్నో చూపెట్టిండు."

ప్లాస్టిక్‌దే. అసలు బండిలో ముప్పై అయిదో వంతు, సరిగ్గా నాదంతే. పరువు కొద్దీ ఆ బానెట్ మీది రేకు సంగతి అడిగాను. ఇంకో వాక్యం చదివింది. అతికించే గమ్ము ఆరకముందే ఆయన బొటనవేలు అక్కడ పడిందట, పాఠకులు మన్నించాలట, మీరు ఇలా చేయకండి అంటున్నాడట.

అంటే నేను రెండు ఆదివారాలు కూర్చుని, ముఖం కూడా తెలియని ఒక జర్మన్ మనిషి వేలిముద్ర చెక్కాను. రిజిస్ట్రేషన్ ఆఫీసులో కూడా అంత శ్రద్ధగా తీసుకోరు. మా ఆవిడ వంటింట్లోంచే, ఆయనకు సుత ఇంట్ల పనేం లేనట్టుంది అంది.

మళ్లీ చేయడానికి టైం లేదు. ఆదివారం పొద్దున నర్సమ్మ రాసిచ్చిన కాగితం జేబులోనే ఉంచుకుని, బొమ్మా పుస్తకమూ పెద్దాయన ముందు పెట్టాను. ఆయన భూతద్దం పట్టుకుని బోల్టుకు బోల్టు, గీతకు గీత పోల్చాడు. బోర్లా తిప్పి కూడా చూశాడు. జనం మూగారు.

"ఇంత కచ్చితంగా ఇంతవరకు ఎవరూ చేయలేదయ్యా," అన్నాడు.

ఏడాదిగా ఎదురుచూసిన మాట అది. ఊరుకుంటే అయిపోయేది. ఆయనకు జర్మన్ రాదు. కానీ బొమ్మ ముందు పెట్టే చీటీ తీసి, స్కేలు ముప్పై అయిదో వంతేగా అని పెన్ను పెట్టాడు. అక్కడ నా నోరు ఆగలేదు.

"లేదు సార్. నాది ఫుల్ సైజ్."

కాగితం తీసిచ్చాను. రెండుసార్లు చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నేను అప్పుడే బొమ్మకు చేతులు చాచాను, తీసుకుపోదామని.

"ఆగవయ్యా. పుస్తకంలో ఉన్నదంతా దీని మీద ఉందా?"

"ఉంది సార్."

"లేనిదేమైనా?"

"లేదు సార్."

"మరి నిబంధనకేం లోటు?"

చీటీ మీద 'అసలు సైజు' అని రాసి బల్ల ఎక్కించాడు. మా దగ్గర బహుమతులు సైజును బట్టి ఇస్తారు. అసలు సైజులో ఇంకెవరూ బండి తేలేదు, తెస్తే హాలు గేటు పట్టదు కూడా. మొదటి స్థానం నాదే, చివరి స్థానమూ నాదే.

మధ్యాహ్నం నుంచి పెద్దాయన ఆ బల్ల దగ్గరే నిలబడ్డాడు. వచ్చిన ప్రతి ఒక్కరికీ భూతద్దం ఇచ్చి, పేజీ తెరిచి, బొటనవేలి గీతలు లెక్కపెట్టించాడు. సాయంత్రం దాకా జనం వరసకట్టి చూశారు. హాఫ్‌ట్రాక్ గురించి ఒక్కరూ అడగలేదు.