సత్తెమ్మ గారికి నేను చదవని నాలుగు వరుసలు

ముప్పై ఏళ్ళు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పాను. భూమి మీద ఆరు కిలోలు తూగేది చంద్రుడి మీద ఒక్క కిలోయే తూగుతుందంటే పిల్లలు ఏటా నవ్వేవారు. నా దగ్గరా ఒక బరువుంది. దాన్ని ఎక్కడికి మోసుకెళ్ళినా తగ్గలేదు. ద్రాక్షారామంలో భీమేశ్వరుడి ముందు నిలబడ్డాను. కొవ్వూరు రేవులో మూడు మునకలు వేశాను. దేవుడికి చెప్పేసి తేలికపడదామని నా ఎత్తు. చెప్పాను కూడా. ఏమీ కాలేదు. దేవుడు ఎవరికీ చెప్పడు కదా, అందుకే ఆయనకి చెప్పడం అంత సులువు. కాబట్టి మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. పేర్లు మార్చాను. మిగతాదంతా జరిగిందే.

తొంభైల మధ్యలో సంగతి. తణుకు దగ్గర మా ఊరు. బడి చెప్పగా మిగిలిన వేళల్లో మారుపేరుతో ఒక వారపత్రికకి సీరియల్ రాసేవాణ్ణి. సైన్సు కథ, అందులోనూ యుద్ధం కథ. రెండు వందల ఏళ్ళ తర్వాత, గురుగ్రహం చుట్టూ తిరిగే ఒక మంచు ఉపగ్రహం మీద మన సైన్యం ఒక గీతకి కాపలా కాస్తుంటుంది. గీతకి అవతల శత్రువు. నా కథానాయకుడు హవల్దార్ అప్పారావు, గోదావరి జిల్లా వాడే. పాత యుద్ధాల మీద దొరికిన పుస్తకాలన్నీ చదివాను. ఆ ఉపగ్రహం మీద మనిషి ఎంత దూరం గెంతగలడో లెక్క కట్టాను. లెక్కలకేం, బ్రహ్మాండంగా ఉన్నాయి. కానీ నేను చేపల పెట్టెల మీద పోసే ఐసు తప్ప మంచు ఎరగను, తుపాకీ అసలే ఎరగను. నాలుగు భాగాలు పడ్డాక ఎడిటర్ గారి నుంచి కార్డు వచ్చింది. మీ సైనికులు రేడియో నాటకంలో రాజుల్లా మాట్లాడుతున్నారు, ఇలాగే ఉంటే త్వరగా ముగించేయండి అని.

సరిగ్గా అప్పుడే నాకు సత్తెమ్మ గారు దొరికారు. ఒక మనిషి గురించి దొరికారు అనకూడదు. కానీ ఆవేళ నా మనసులో మెదిలిన మాట అదే.

ఆవిడ మా వీధి చివర ఉండేవారు. భర్త పోయాక ఉన్న ఎకరం తనే చేయించుకునేవారు. ఒక్కడే కొడుకు, రాంబాబు. నా దగ్గర పదో తరగతి చదివి మిలటరీలో చేరాడు. ఆ ఏడాది అతన్ని ఉత్తరాన మంచు కొండల మీదికి వేశారు. ఆవిడకి చదువు రాదు. అంతవరకు ఉత్తరాలు చదివిపెట్టే పక్కింటి అమ్మాయికి పెళ్ళయి వెళ్ళిపోవడంతో ఆ పని నా మీద పడింది. ఆదివారం పొద్దున్నే వెళ్ళేవాణ్ణి. ఆవిడ చింతపండులో గింజలు తీస్తూ కూర్చునేవారు. ప్రతి ఉత్తరం రెండుసార్లు చదవాలి. మొదటిసారి సంగతుల కోసం. రెండోసారి పని ఆపి కళ్ళు మూసుకుని వినేవారు, అది కొడుకు కోసం.

ఆ ఉత్తరాల్లో ఏముండేదో చెబితే మీకు నా ఆశ అర్థమవుతుంది. అక్కడ కోడిగుడ్డు పగలాలంటే సుత్తి కావాలి. తొడుగు లేని చేత్తో ఇనుము ముట్టుకుంటే చర్మం దానికే ఉండిపోతుంది. రోజంతా కిరసనాయిలు స్టవ్వు పక్కన ఉంటే ఉమ్మి నల్లగా పడుతుంది. అమ్మ పంపిన ఆవకాయ సీసాలో నూనె గడ్డకట్టేస్తే రాంబాబు దాన్ని చంకలో పెట్టుకుని కరిగించి, ఏడుగురికి పంచాడు. ఇవన్నీ అప్పారావుకి ఇచ్చేశాను. మరుసటి నెలలో ఆవకాయ సీసా చంకలో పెట్టుకున్న అంతరిక్ష సైనికుడి గురించి పత్రికకి బస్తాడు ఉత్తరాలు వచ్చాయట. అరవై రెండు యుద్ధంలో చేసిన ఒక పెద్దాయన నాకు సొంత దస్తూరీతో రాశారు, బాబూ మీరు ఏ రెజిమెంటు అని. నేను ఆయనకి మాస్టార్నని చెప్పలేదు. కొన్ని సంగతులు చెప్పుకోలేమండి అని జవాబు రాశాను. ఎంత గొప్పగా రాశానో అనుకున్నాను కూడా.

కొడుకు రాసినవి నా సీరియల్లో వాడుతున్నానని చెబితే సత్తెమ్మ గారికి సంబరమే. చదవడం రాకపోయినా ప్రతి వారం తణుకులో పత్రిక కొనిపించి కొడుక్కి పంపేవారు. ఆవిడ కోసం రాంబాబు చిరునామా రాసిన కవర్లు పాతిక ముందే రాసిచ్చాను. పత్రిక మడిచి అందులో పెట్టడం, బిళ్ళలు అంటించడం ఆవిడ పని.

ఇక ఆ ఉత్తరం. అది మామూలుగా మిలటరీ ముద్రతో రాలేదు. సెలవు మీద వస్తున్న స్నేహితుడెవరో విజయవాడలో పోస్టు చేశాడు. ముందు వైపు ఎప్పటి కబుర్లే. వెనక నాలుగు వరుసలున్నాయి. ఇన్నేళ్ళయినా నాకు కంఠస్థం.

‘అమ్మా, ఇంక నా వల్ల కావడం లేదు. కుడికాలి వేళ్ళకి స్పర్శ తెలియడం లేదు, చెబితే అందరికీ అంతే అంటున్నారు. నీకు సీరియస్‌గా ఉందని మాస్టారి చేత ఒక టెలిగ్రాం ఇప్పించు. అబద్ధమే, నీకేం కాదులే, ఒక్కసారి ఇంటికి రానీ.’

మిలటరీ కొడుకులున్న ఊళ్ళలో ఈ టెలిగ్రాం సంగతి తెలియనివాళ్ళు లేరు. మదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ. ఆ నాలుగు మాటలకీ తల్లులు ఎన్నిసార్లు చావు దగ్గరికి వెళ్ళి వచ్చారో లెక్కలేదు. టెలిగ్రాం వెళ్ళిన మర్నాడు అదే తల్లి పొలంలో కలుపు తీస్తూ కనబడేది, ఎవరూ ఏమీ అనేవారు కాదు.

నేను ముందు వైపు చదివాను. కాగితం తిప్పాను. కళ్ళతో చదువుకున్నాను.

“ఎనకాల కూడా ఏదో రాసేడండి మాస్టారూ?” అన్నారు ఆవిడ.

“లేదండి. ముందు రాసిన సిరా ఇటు దిగిందంతే,” అన్నాను.

ఎందుకలా అన్నాను? తర్వాత కారణాలు చాలా పోగుచేసుకున్నాను. ఆవిడ బెంగపడతారని. బతికున్న మనిషికి చావు మాట రాయకూడదని. సైన్యాన్ని మోసం చేయడం తప్పని. టెలిగ్రాం ఇచ్చినా వాళ్ళు విచారించుకుంటారు, సెలవు దొరుకుతుందని నమ్మకమేంటని. అన్నీ పెద్దమనిషి మాటలే. కానీ ఇవేవీ ఆ క్షణంలో నాకు తట్టలేదు. తట్టింది ఒక్కటే. రాంబాబు ఇంటికొచ్చేస్తే ఉత్తరాలు ఆగిపోతాయి. నా సీరియల్ ఇంకా పది భాగాలుంది. అంతే. అంతకు మించి వెతికినా ఏమీ లేదు, చాలాసార్లు వెతికాను.

కథకి కావాలండి, ఇది నా దగ్గర ఉంచుకుంటాను అని ఆ ఉత్తరం అడిగి తీసుకున్నాను. మావోడి మాట అచ్చులో పడితే అంతకంటే ఏం కావాలండీ అన్నారావిడ. ఇంటికెళ్ళి నీళ్ళ పొయ్యిలో పెట్టాను.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆగలేదు. ఆ వారం భాగంలో అప్పారావు చేత తల్లికి అదే కబురు పంపించాను. భూమి మీద, గోదావరి ఒడ్డున ఉన్న ఆ తల్లి ఆలోచించి, మిగతా తల్లులు పంపని అబద్ధం నేనూ పంపను అంటుంది. నా పిరికితనాన్ని శుభ్రంగా కడిగి, బొట్టు పెట్టి, ఒక వీరమాత నోట్లో పెట్టాను. రాస్తుంటే నాకే కళ్ళు చెమర్చాయి. ఆ వాక్యానికి వచ్చినన్ని పొగడ్తలు నా జన్మలో దేనికీ రాలేదు.

నెల తిరక్కుండా రాంబాబుని ఆసుపత్రికి దించారని తెలిసింది. కుడికాలు సగం పాదం తీసేశారు.

నేను ఆ భాగం వచ్చిన పత్రిక అతనికి చేరకూడదని అనుకున్నాను. ఆదివారం వెళ్ళి చూద్దును కదా, ఆవిడ అప్పటికే పంపించేశారు. కవరు మీద నా దస్తూరీయే. చదవడం రాని తల్లి, తనని కొడుకు దగ్గర దోషిని చేసే కాగితాన్ని తన చేత్తోనే మడిచి, బిళ్ళ అంటించి పోస్టు చేసింది.

రాంబాబు ఇంటికొచ్చాడు. మాజీ సైనికులకిచ్చే కోటాలో తణుకులో ఎస్టీడీ బూత్ పెట్టుకున్నాడు. తల్లిని బాగానే చూసుకున్నాడు. మందులు, కళ్ళజోడు, ఏ లోటూ చేయలేదు. కానీ ఆవిడ కొబ్బరినూనె తెచ్చి ఆ పాదానికి రాయబోతే మాత్రం కాలు వెనక్కి తీసుకునేవాడు. వద్దులే అమ్మా, నేను రాసుకుంటాను అనేవాడు. ఒకసారి ఆవిడ నన్ను అడిగారు, వాడికి నామీద ఏదన్నా కోపమేమోనండి అని. మిలటరీ వాళ్ళు అంతేనండి, సేవ చేయించుకోరు అని చెప్పాను. ఆవిడ నమ్మారు. నేను ఏం చెప్పినా ఆవిడ నమ్మేవారు. మా రాంబాబు ఒక్కనాడు కూడా వచ్చేస్తానని రాయలేదండి అని ఊళ్ళో గొప్పగా చెప్పుకునేవారు. అలా చెప్పుకుంటూనే, ఆరేళ్ళ తర్వాత పోయారు.

పెద్దకర్మ అయిన మర్నాడు బూత్‌కి వెళ్ళాను. గుండు మీద తువ్వాలు వేసుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం, ఎవరూ లేరు.

“మాస్టారూ, ఒకమాటండి. ఆ టెలిగ్రాం ఉత్తరం మీరు అమ్మకి చదివేరు కదండీ?”

నేను ఫోను మీటరు వంక చూస్తూ కూర్చున్నాను.

“ఇబ్బంది పడకండి. నాకప్పుడే తెలిసిందండి. ఆసుపత్రిలో ఉండగా మీ కథ వచ్చింది. అప్పారావు వాళ్ళమ్మ అబద్ధం పంపనంటుంది చూశారా. ఓహో, అమ్మ ఇలా అందన్నమాట అనుకున్నాను. మీరు ఉన్నదే రాస్తారు కదండీ.”

“రాంబాబూ...”

“గొప్ప మాటేనండి. కాదనను. కానీ నాకావేళ గొప్పదనం ఏం చేసుకోనండీ? అమ్మ రమ్మంటే చాలు. ఒక్కసారి కూడా దాని గురించి ఆవిణ్ణి అడగలేదు నేను. అడిగితే ఏం చెబుతుందోనని భయం. పోనీలెండి. పోయినావిడ మీద కోపమేంటి.”

“ఆవిడది పెద్ద మనసయ్యా,” అన్నాను.

అదీ నేనన్నది. చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. ఎదురుగా కూర్చుని, తనే తలుపు తీసి పట్టుకుని అడిగాడు. లేదు, చదవలేదు అని రెండు మాటలంటే సరిపోయేది. కాలు పోవడానికి నేను కారణం అవునో కాదో నాకు నిజంగా తెలియదు. సెలవు దొరికేది కాదేమో, అప్పటికే ఆ వేళ్ళు చచ్చుబడ్డాయేమో. ఆ అనుమానం చాటున కొన్నాళ్ళు దాక్కోవచ్చు. కానీ ఈ రెండోదానికి చాటు లేదు. ఆరేళ్ళు ఒకే ఇంట్లో ఉన్న తల్లీకొడుకుల మధ్య నేను రాసిన వాక్యం కూర్చుంది. అది అక్కడ కూర్చుందని తెలిశాక కూడా లేవదీయలేదు.

సత్తెమ్మ గారు ఆ నాలుగు వరుసలూ విని ఉంటే ఏం చేసేవారో నాకు తెలుసు. చింతపండు బుట్ట అక్కడే వదిలేసేవారు. చెప్పులు కూడా వేసుకోకుండా నన్ను రెక్క పట్టుకుని తణుకు తీసుకెళ్ళేవారు. సీరియస్ అని కాదండి, చచ్చిపోయానని ఇవ్వండి, తొందరగా పంపుతారు అని అనేవారు. అంత మనిషిని నేను వీరమాతని చేశాను.

ఇప్పుడు ఎస్టీడీలు పోయాయి. అతను జిరాక్స్ మిషను పెట్టుకున్నాడు. చెబుదామని రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ నా పెన్షన్ కాగితం జిరాక్స్ తీయించుకుని వచ్చేశాను. మూడోసారి కూడా అదే చేస్తానని తెలిసి, ఇలా రాస్తున్నాను. అక్కడ ఖాళీగా ఉన్నప్పుడు అతను పత్రికలు చదువుతుంటాడు. ఇది కంటపడితే పేరు మార్చినా గుర్తుపడతాడు. క్షమించమని అడగను. మాస్టారు కదా అని క్షమించేస్తాడు, అది నాకు దక్కకూడదు. ఇక మీదట నన్ను చూస్తే మొహం తిప్పుకుంటాడేమో. తిప్పుకోనివ్వండి.

రాంబాబూ, ఆ ఉత్తరం వెనకవైపు నేను మీ అమ్మకి చదవలేదు. నువ్వు రానీ అన్నావని ఆవిడకి తెలియదు. ఆవిడ వద్దనలేదయ్యా.

రాయగలిగాను. ఇన్నేళ్ళూ ఈ మూడు వాక్యాలూ ఎంత పెద్దవో అనుకున్నాను. కాగితం మీద రెండు వరుసలే పట్టాయి.