నాకు వినపడని ఈల

2023 ఎండాకాలం. జనగామ బస్టాండుకు దగ్గరలో, రెండు చెప్పుల దుకాణాల మధ్య ఇరుక్కున్నట్టుండే నా రిపేరు షాపులో కూలర్ పాడై పది రోజులైంది. దాన్ని విప్పే తీరిక నాకు దొరకలేదు. మధ్యాహ్నం అయ్యేసరికి సోల్డరింగ్ వేడి, రేకుల వేడి కలిసి ఎవరితో మాట్లాడాలన్నా విసుగు వచ్చేది.

అప్పటికి ఈ పనిలో ఇరవై ఎనిమిదేళ్లు. రేడియోలతో మొదలుపెట్టాను. తర్వాత టీవీలు, సీడీ ప్లేయర్లు, ఫోన్లు, ఇప్పుడు ట్యాబులు. నడుమ ఓ పదేళ్లు పెళ్లిళ్లకు, ఊరేగింపులకు సౌండు బాక్సులు కూడా నడిపాను. శబ్దం గురించి నాకు ఒకరు చెప్పాల్సింది లేదనే అనుకునేవాణ్ని.

ట్యాబులో సౌండ్ సరిగా లేదని వచ్చేవాళ్లలో సగం మంది వస్తువుకు అసలు ఏ జబ్బూ ఉండదు. సైలెంట్‌లో పెట్టి మరిచిపోయి ఉంటారు. లేదంటే ఎప్పుడో కలిపిన బ్లూటూత్ స్పీకరుకు శబ్దం వెళ్లిపోతుంటుంది. లేదంటే స్పీకర్ జాలీలో దుమ్ము. వాల్యూమ్ చూడటం, బ్లూటూత్ ఆపడం, ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయడం, జాలీని బ్రష్‌తో తుడవడం, ఇయర్‌ఫోన్ పెట్టి వినడం. ఈ వరుస నా చేతులకు అలవాటైపోయింది. అలసిన మనిషికి అలవాటు సుఖంగా ఉంటుంది. ఆలోచించే పని ఉండదు.

ఆ మార్చి నెలలో పాలకుర్తి దగ్గరి ఒక ఊరి నుంచి తల్లీకూతుళ్లు వచ్చారు. తల్లి మార్తమ్మ. పత్తి ఏరడానికి, నాట్లకు కూలికి పోయే మనిషి. కూతురు రూతుకు ఇరవై ఆరేళ్లుంటాయి. పుట్టుకతోనే చూపు లేదు. డిగ్రీ చదివింది. ప్రభుత్వ క్లర్కు ఉద్యోగం పరీక్షకు తయారవుతోంది. ఆమె చదువంతా ఒక ట్యాబులోనే ఉంది. స్క్రీన్ రీడర్ అని ఒక సదుపాయం ఉంటుంది. తెర మీద వేలు పెట్టిన చోట ఏముందో గొంతుతో చదివి వినిపిస్తుంది. దాంతోనే ఆమె పాఠాలు వినేది, ప్రశ్నలు సాధన చేసేది.

ట్యాబు కింద పడి తెర అద్దం పగిలింది.

"చూసుటానికి కాదు సారూ," అంది మార్తమ్మ. "అద్దం మీద వేళ్లు పెట్టి పెట్టి కోసుకుంటున్నది బిడ్డ. మంచిదే వేయిన్రి. జర మంచిదే వేయిన్రి."

రెండుసార్లు అడిగింది. అసలు కంపెనీ డిస్‌ప్లే నా దగ్గర లేదు. హైదరాబాద్ నుంచి తెప్పిస్తే నాలుగైదు రోజులు పడుతుంది. కాపీ డిస్‌ప్లే ఒకటి అరలో ఉంది. కాపీ అంటే వేరేవాళ్లు చేసే నకలు. రంగులు కాస్త వెలసినట్టుంటాయి, మూలల్లో వెలుగు తగ్గుతుంది. చూపులేని అమ్మాయికి రంగులతో ఏం పని అనుకున్నాను. ఏం వేశావని వాళ్లు అడగలేదు. నేను చెప్పలేదు. గంటలో బిగించి ఇచ్చేశాను. దాని ధరే తీసుకున్నాను, ఎక్కువ తీసుకోలేదు. అందుకే అందులో తప్పు ఉందని నాకు తోచలేదు.

వారానికి రూతు ఒక్కతే బస్సులో వచ్చింది. చేతికర్రతో మెట్టు తడుముకుంటూ ఎక్కి, నా బల్ల అంచు దొరికాక నిలబడింది.

"అన్నా, మీరు తెర మార్చినప్పటి సంది దీంట్ల ఈల మోగుతున్నది. సన్నగ. ఆగకుంట."

ట్యాబు తీసుకున్నాను. తెర చీకటిగా ఉంది. వెలుగు పెంచుకుని పాట పెట్టి చూశాను, చదివే గొంతు పెట్టి చూశాను. నా వరుస మొత్తం పూర్తిచేశాను. నున్నగా మోగుతోంది.

"ఏం లేదు చెల్లె, మంచిగనే ఉన్నది."

ఆమె తల పక్కకు వంచి విన్నది. "ఇప్పుడైతె లేదన్నా. మీ చేతిల ఉన్నప్పుడు ఆగుతది. నా చేతిల ఉంటే మోగుతది."

ఈ మాట విన్నాక నాకు లోలోపల నవ్వొచ్చింది. ఇట్లాంటి కస్టమర్లను చాలామందిని చూశాను. మనం చూడగానే మాయమయ్యే రోగాలు. జాలీ మరోసారి తుడిచి పంపించాను.

పది రోజులకు మళ్లీ వచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది. రోజుకు ఏడెనిమిది గంటలు విని చదివే పిల్ల, ఇప్పుడు గంట కూడా వినలేకపోతున్నానంది. తల పగిలిపోతోందట, వాంతి వచ్చినట్టవుతోందట. పరీక్షకు ఇంక మూడు వారాలే ఉంది.

"ఇయర్‌ఫోన్ పెట్టుకొని వినరాదు?" అన్నాను.

"ఒక్క చెవిలనే పెట్టుకుంటున్నన్నా. అమ్మ కూలికి పోతే ఇంట్ల నేనొక్కదాన్నే. పొయ్యి మీద అన్నం పొంగేది వినాలె, వాకిట్లకు ఎవలొచ్చింది వినాలె. రెండు చెవులు మూసుకుంటే నాకు ఇల్లు కనపడది. తెరిచి ఉన్న చెవిలనే పడుతది ఆ ఈల."

ఆమె ట్యాబును నా చెవికి దగ్గరగా పట్టింది. "ఇగో, ఇప్పుడు మోగుతున్నది. వినున్రి."

విన్నాను. నాకు రోడ్డు మీద ఆటోల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ట్యాబు తీసుకుని వెలుగు పెంచి స్పీకర్ సెట్టింగులు చూస్తున్నాను. అంతలోనే, "ఆగింది," అంది ఆమె.

అప్పటికి షాపులో ముగ్గురు నిలబడి ఉన్నారు. ఒకాయన ఫోను రెండుసార్లు బల్ల మీద తట్టాడు. నా ఓపిక అక్కడితో తెగిపోయింది.

"చెల్లె, ఇరవై ఎనిమిదేండ్ల సంది ఇదే పని చేస్తున్న. దీంట్ల ఈల లేదు. ఈల నీ చెవులల్ల ఉన్నట్టున్నది. దవాఖానకు పోయి చూపించుకో."

ఫోను తట్టిన మనిషి నవ్వాడు. రూతు ట్యాబును సంచిలో పెట్టుకుని, బల్ల అంచు పట్టుకుని మెట్టు దాకా నడిచి, దిగి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం ఇంటికెళ్లి అన్నం తిన్నాను, పడుకున్నాను. ఆమె గురించి మళ్లీ అనుకోలేదు. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ అనుకోలేదు.

నాలుగో రోజు పొద్దున షాపు తెరుస్తుండగానే వచ్చింది. ఈసారి మార్తమ్మ వెంట ఉంది. కూలి మానుకుని వచ్చినట్టుంది. రూతు ఒక కాగితం బల్ల మీద పెట్టింది.

"మీరు చెప్పినట్టే పెద్ద దవాఖానకు పోయిన. చెవుల డాక్టర్ పరీక్ష చేసిండు. చూడున్రి."

అది ఆడియోగ్రామ్. ఏ స్వరం ఎంత మెల్లగా ఉన్నా వినగలరో గీతలు గీసి చూపే కాగితం. దాని మీది గీత మొదటి నుంచి చివరి దాకా పైనే ఉంది. నాకు డాక్టరు భాష తెలియకపోయినా, సౌండు బాక్సులు నడిపినవాణ్ని, గీత అర్థమైంది.

"నా చెవులు మంచిగున్నయన్నడు," అంది రూతు. కోపంగా అనలేదు. అదే గొంతుతో, "మీరు ఎప్పుడన్న చూపించుకున్నరా అన్నా?" అంది.

ఆ మాట ఎగతాళి కాదు. నిజంగా అడిగింది.

వాళ్లిద్దరినీ లోపల కుర్చీల్లో కూర్చోబెట్టాను. నా ఫోనులో ఒక యాప్ ఉంది. చుట్టూ ఉన్న శబ్దాన్ని సన్నవి, బొంగురువి వేరుచేసి గీతలుగా చూపిస్తుంది. బాక్సులు సరిచేసుకోవడానికి వాడేవాణ్ని. దాన్ని బల్ల మీద పెట్టాను. ట్యాబును నేను తీసుకోలేదు. "నీ దగ్గరనే పెట్టుకో, ఎట్ల చదువుతవో గట్లనే చదువు," అన్నాను.

ఆమె ట్యాబును ఒళ్లో పెట్టుకుని వేలితో తెర తడిమింది. గొంతు చదవడం మొదలుపెట్టింది. తెర మాత్రం చీకటిగానే ఉంది.

"వెలుగు తగ్గించి పెట్టినవా?"

"మొత్తం తగ్గిస్త. నాకెందుకన్నా వెలుగు? ఛార్జింగు ఎక్కువసేపు ఆగుతది."

నా ఫోను తెర చూశాను. కుడివైపు చివరన, సన్నని శబ్దాలుండే చోట, ఒక గీత మేకు దిగగొట్టినట్టు నిలబడి ఉంది. షాపులో మోగుతున్న ఆ ఈల నాకు వినపడటం లేదు. కళ్లకు మాత్రం కనపడుతోంది.

"ఇప్పుడు మోగుతున్నదా?"

"మోగుతున్నది."

చేయి చాపి వెలుగు పెంచాను. గీత పడిపోయింది.

"ఆగింది," అంది ఆమె, నేనేమీ అడగకముందే.

తగ్గించాను. "మోగుతున్నది." పెంచాను. "ఆగింది." ఓ పదిసార్లు చేశాం. ఒక్కసారి కూడా ఆమె తప్పు చెప్పలేదు. మార్తమ్మ నా మొహం వైపు, కూతురి మొహం వైపు మార్చి మార్చి చూసింది.

సంగతి ఇది. తెర వెనుక దీపాల్లాంటివి ఉంటాయి, బ్యాక్‌లైట్ అంటాం. దానికి కరెంటు పంపే భాగం వెలుగు ఎక్కువ ఉన్నప్పుడు ఏకధాటిగా పనిచేస్తుంది. వెలుగు బాగా తగ్గిస్తే ఆగుతూ సాగుతూ పనిచేస్తుంది. నేను వేసిన కాపీ డిస్‌ప్లే ఆ బోర్డుకు సరిగ్గా కుదరలేదు. ఆ ఆగి సాగడంలో బోర్డు మీది కెపాసిటర్లనే బుల్లి భాగాలు అదిరి సన్నగా ఈల వేస్తున్నాయి. చూపున్న ఎవరి చేతికిచ్చినా ముందు వెలుగు పెంచుకుంటారు, ఈల ఆగిపోతుంది. ఆమె వచ్చిన రెండుసార్లూ నేను చేసిందీ అదే. ఇక వెలుగు తగ్గి ఉన్నప్పుడు చెవి దగ్గర పెట్టినా నాకు వినపడలేదంటే, అంత సన్నని స్వరాలు నా చెవుల్లోంచి ఎప్పుడో పోయాయి.

కాపీ వేసిన సంగతి చెప్పకుండా తప్పించుకోవచ్చు. బోర్డులో లోపం అంటే వాళ్లు నమ్మేవాళ్లే. మార్తమ్మ మంచినీళ్లు తాగడానికి బయటి కుండ దగ్గరకు వెళ్లింది. అప్పుడు రూతుకు చెప్పాను.

"నేనేసింది కంపెనీ తెర కాదు చెల్లె. కాపీ. దాంతోటే వచ్చింది ఈల."

ఆమె వేలు తెర అంచు మీద మెల్లగా జరుపుతోంది.

"నాకు కనపడదని వేసిన్రా?"

"అవును."

"అమ్మకు చెప్పకున్రి," అంది. "మంచిదే వేయిన్రని రెండుసార్లు అడిగింది మిమ్మల్ని. బాధపడుతది."

ఆమె నన్ను నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఆ రోజు నాకు తేలిగ్గా గడిచేది.

మార్తమ్మకు తెరలో లోపం అని మాత్రం చెప్పి, హైదరాబాద్‌కు ఫోన్ చేసి అసలు డిస్‌ప్లే పంపమన్నాను. అది వచ్చేదాకా వెలుగు పూర్తిగా పెంచి, ఛార్జర్ పెట్టి ఉంచి వాడుకోమన్నాను. కరెంటు చాలాసేపు పోయినప్పుడల్లా ఆమె చదువు ఆగింది. ఐదో రోజు డిస్‌ప్లే రాగానే వాళ్లను రమ్మనలేదు, నేనే సామాను సంచిలో వేసుకుని పాలకుర్తి బస్సెక్కాను. వాళ్ల ఇంటి అరుగు మీద కూర్చుని మార్చాను. బిగించాక వెలుగు మొత్తం తగ్గించి ఆమె చేతికిచ్చాను. ఆమె చెవికి ఆనించుకుని చాలాసేపు కళ్లు మూసుకుని కూర్చుంది.

"లేదు," అంది చివరికి. "ఇప్పుడు లేదు."

పరీక్షకు అప్పటికి రెండు వారాలు కూడా లేవు. రూతు రాసింది. అంటే ఆమె జవాబులు చెబితే పక్కన కూర్చున్న అమ్మాయి రాసింది. ఉద్యోగం రాలేదు. కొద్దిలో పోయిందట. ఆ సంగతి మార్తమ్మ బస్టాండులో కనపడి చెప్పింది. నా షాపులో పోయిన ఆ నెల రోజులు ఉంటే వచ్చి ఉండేదా? ఒకసారి రూతునే అడిగేశాను. "గది నాకు తెల్వదన్నా, మీకూ తెల్వది," అంది. ఇప్పుడు మళ్లీ చదువుతోంది. పొద్దున పిల్లలకు ట్యూషన్ చెబుతోంది.

నేనూ చెవుల డాక్టరు దగ్గరకు వెళ్లాను. నా కాగితం మీద గీత సగం దాకా బాగానే వచ్చి, అక్కడ్నుంచి గుంతలో పడ్డట్టు కిందికి దిగింది. బాక్సుల పక్కన నిలబడ్డ పదేళ్ల ఫలితం. అది తిరిగి రాదన్నాడు. గొణుగుతోందని నా భార్యను కసురుకోవడం ఆ రోజు నుంచి మానేశాను.

ఇప్పుడు ఎవరు ట్యాబు తెచ్చినా వెంటనే చేతిలోకి తీసుకోను. "మీరు రోజూ ఎట్ల వాడుతరో గట్ల వాడి చూపించున్రి," అంటాను. కొందరు విసుక్కుంటారు. బయట నిలబడ్డవాళ్లు తొందరపెడతారు. అలసట ఎప్పటిలాగే ఉంది, వేడీ అంతే. అయినా ఆగుతాను. ఇరవై ఎనిమిదేళ్లు నేను వస్తువులు నా కోసం బాగుచేశాను. నా కళ్లకు బాగుంటే, నా చెవులకు బాగుంటే బాగైనట్టే అని పంపించేశాను. వాటిని ఇంటికి తీసుకెళ్లి వాడుకునేది నేను కాదన్న చిన్న విషయం తెలియడానికి ఒక మనిషి నెల రోజుల చదువు ఖర్చయింది.