ఎర్రపెన్ను కొట్టేసిన ప్రేమ

మొన్న మాదాపూర్‌లో గ్యాస్ ఏజెన్సీ కౌంటరు ముందు నిలబడితే, లోపల పాతకాలపు ప్రింటరు కరకరలాడింది. ఆ చప్పుడుకి సుగుణ మేడమ్ కళ్లముందు నిలిచారు. తొంభైల చివర్లో ఆ మాదాపూర్‌లోనే, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో నా మొదటి ఉద్యోగం. ఆవిడ మా టీమ్ లీడర్, బాపట్ల మనిషి. ఆదివారం చర్చిలో పాటలు పాడే గొంతుతోనే మిగతా రోజులు మా తప్పులు చదివేవారు.

మేం రాసిన ప్రోగ్రామును ప్రింటు తీసి ఆవిడకివ్వాలి. ఆవిడ ఒక్కో వరుసా పైకి చదివి, తనకేం అర్థమైందో చెబుతారు. రాసినవాడు నోరెత్తకూడదు. "మీరు పక్కనుండి వివరించాల్సి వస్తే, సరిగ్గా రాయలేదన్నమాటేనండి" అనేవారు. నేనేమో వాగుడుకాయను. ఆ అరగంట నాకు నరకం.

అప్పుడే మా ఆఫీసులో రజిత మీద మనసుపడ్డాను. ఇద్దరం మూసాపేటలో ఒకే కంపెనీ బస్సెక్కేవాళ్లం. సోమవారం నుంచి ఆమెను వేరే ఆఫీసుకు మారుస్తున్నారని తెలిసింది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని, ఒక ప్రింటవుట్ వెనకవైపు కవిత రాసుకున్నాను. శుక్రవారం హడావిడిలో ఆ ప్రింటవుట్‌నే మేడమ్ చేతిలో పెట్టాను. ఆవిడ కాగితం తిరగేసి, ఆ కవితనూ పైకి చదవసాగారు. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"నువ్వు రాలేదు. బస్సంతా నిండింది, నీ సీటు తప్ప. మాదాపూర్ దాకా నిలబడే వచ్చాను. ఇది ప్రేమే."

"వెన్నెల లేదు, కళ్లు లేవు, పెదవులు లేవు. ఇదేం ప్రేమ కవితండీ?" అన్నారు. నేను నోరు తెరవబోతే వేలెత్తి ఆపి, మళ్లీ చదివారు. ఉన్నట్టుండి బల్ల చరిచారు. "ఆగండాగండి! సీటు ఖాళీగా ఉంటే ఇతనెందుకు నిలబడ్డాడు? ఆ అమ్మాయి చోట్లో తను కూడా కూర్చోలేకపోయాడు! అబ్బ, ఎంత బాగుందండీ!"

నిజానికి నేను అంత ఆలోచించలేదు, జరిగింది రాశానంతే. నా మాటలు నాకే కొత్తగా వినిపించి ఎగిరి గంతేయాలనిపించింది. అంతలో ఆవిడ ఎర్రపెన్నుతో చివరి వరుస కొట్టేశారు.

"అయ్యో మేడమ్, అది లేకుంటే ఆమెకు సమజ్ కాదేమో!"

"నిలబడ్డాడు కదండీ, ఇంకేం చెప్పాలి? అదీ అర్థం కాలేదంటే మీరు బతికిపోయినట్టే" అని నవ్వారు.

సాయంత్రం బస్సులో, ఆ కవితను చివరి వరుస లేకుండా వేరే కాగితం మీద రాసి రజితకిచ్చాను. చదివింది. కిటికీలోంచి చూసింది. మళ్లీ చదివింది. "ఏంది, గింతేనా?" అంది. వివరించాలని నాలుక దురదపెడుతున్నా బిగబట్టుకున్నాను. రెండు స్టాపులు దాటాక కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది.

"పిచ్చోడా, కాళ్లు గుంజలేదా నీకు?" అంది.

ఇప్పటికీ ఏది రాసినా ముందు రజితకే ఇస్తాను. ఆమె చదివినంతసేపూ, చచ్చినా నోరు విప్పను.